సదస్సులకు మన పత్రాలు

సామాజిక శాస్త్ర పరిశోధనా పద్ధతులపై విశ్వవిద్యాలయాలు సదస్సులు తలపెట్టి పత్రాలను ఆహ్వానించినప్పుడల్లా మన సోదరులు ఉత్సాహంగా పంపుతూనే ఉన్నారు. సంతోషమే. అయితే అలాంటి పత్రాలు కొన్నింటిని పరిశీలించే బాధ్యత ఈ రచయితపై పడింది. చదివిన మీదట దిగులే ఎక్కువ మిగిలింది.

పత్రం ఒక ఆయతుతో మొదలవుతుంది. రెండవ పేరాలో పాశ్చాత్య భౌతికవాద ఖండన. మూడవ పేరాలో ఇబ్నె ఖల్దూన్ సమాజ శాస్త్ర పితామహుడన్న ప్రకటన. ఆ వెంటనే తీర్మానాలు. ఎందరిని అడిగారు, ఏ ఊళ్ళో అడిగారు, ఏ భాషలో అడిగారు? ఒక్క మాట ఉండదు. పద్ధతులపై జరిగే సదస్సుకు పద్ధతే లేని పత్రం! అది తిరిగి వస్తే పక్షపాతమంటాము. పక్షపాతం ఎక్కడా లేదని నేననను. కాని నేను చూసినవాటిలో చాలావాటికి తిరస్కారమే తగిన తీర్పు.

ఇబ్నె ఖల్దూన్ పేరు చెప్పేవారు ఆయన ముఖద్దిమాను ఒక్కసారి తెరిస్తే బాగుండును. 1377లో రచించిన ఆ గ్రంథం చరిత్రకారుల పొరపాట్లు ఎంచడంతోనే ఆరంభమవుతుంది. మూసా అలైహిస్సలాం వెంట ఆయుధం పట్టగలవారే ఆరు లక్షలకు పైగా ఉండేవారని మస్‌ఊదీ వంటివారు రాశారు. అంత సైన్యం ఆ నేలపై బారులు తీరగలదా, ఒక కొసన జరిగేది మరో కొసకు తెలుస్తుందా, యాఖూబ్ అలైహిస్సలాం మొదలు మూసా వరకు గడిచిన కొద్ది తరాలలో సంతతి అంతగా పెరుగుతుందా అని ఆయన నిలదీశాడు. చెప్పినవాడు ఎంతటివాడైనా, చెప్పిన సంగతి సమాజ స్వభావానికి నిలవాలి. హుజురాత్ సూరాలోని 6వ ఆయతు వార్తను విచారించమని ఆదేశిస్తున్నది కూడా. 1030 ప్రాంతంలో హిందూదేశాన్ని గురించి రాసిన అల్‌బీరూనీ అందుకోసం సంస్కృతం నేర్చాడు. మన పరిశోధకుడేమో తెలుగు తప్ప మరొకటి ఎరుగని నూర్‌బాషా కుటుంబాలకు ఉర్దూ ప్రశ్నావళి పట్టుకెళతాడు!

విజ్ఞాన ఇస్లామీకరణ అనే మాట కూడా ఈ పత్రాలలో తరచు వినబడుతుంది. ఇస్మాయీల్ రాజీ ఫారూఖీ 1982లో వెలువరించిన ప్రణాళికలో పన్నెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు ఆధునిక శాస్త్రాలపై పట్టు సాధించడం. మనవారు ఆ మెట్టెక్కకుండానే పన్నెండవ మెట్టు మీద నిలబడి ఉపన్యసిస్తున్నారు. పటాలు గీయడంలో పొద్దుపుచ్చక ఆలోచించగల బుద్ధులను తయారుచేయండని ఫజ్లుర్రహ్మాన్ 1988లో అచ్చయిన వ్యాసంలో హెచ్చరించారు. ఆయన ఇతర అభిప్రాయాలతో నాకు పేచీలున్నా ఈ మాట కాదనలేను.

ఇదంతా పండితుల గొడవ, మనకేమి అనుకునే పాఠకులుంటే ఒక్క సంగతి గుర్తుచేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో ముస్లిములలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించిన 2007 నాటి చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో కొట్టివేసింది. బి.సి. కమిషన్ జరిపిన పరిశీలన శాస్త్రీయ ప్రమాణాలకు నిలవదన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన ఆక్షేపణ. మార్చిలో సుప్రీంకోర్టు తాత్కాలిక ఉత్తర్వుతో ఆదుకోకపోతే ఎందరి సీట్లు, ఎందరి కొలువులు పోయేవో! తీర్పులోని తప్పొప్పులు న్యాయకోవిదులు తేల్చవలసినవి. మన పేదరికం కళ్ళెదుటే కనబడుతున్నది గనుక సర్వే ఎలా చేసినా సరిపోతుందన్న ధీమా మాత్రం ఆనాడే చెదరవలసింది. కోర్టు ముందు కన్నీళ్ళు సాక్ష్యం కావు. ఏ ఇళ్ళను ఎంచారు, ఎలా ఎంచారు, ఎవరితో పోల్చారు అన్నవే సాక్ష్యం.

నేను చూసిన కట్టలో ఒక విద్యార్థిని పత్రం ఉన్నది. ఆమె బీడీలు చుట్టే స్త్రీల ఇళ్ళకు స్వయంగా వెళ్ళింది. చాలా ఇళ్ళలో అత్తగారే జవాబు చెప్పిందనీ, రోజు కూలి ఎంతన్న ప్రశ్నకు కోడలు నోరు విప్పలేదనీ, అందువల్ల తన లెక్కలను పూర్తిగా నమ్మవద్దనీ ఆమే రాసుకున్నది. ఆయతు లేదు, ఇబ్నె ఖల్దూన్ లేడు. దానిని అంగీకరించవలసిందిగా సిఫారసు చేశాను. శీర్షిక మాత్రం కుదించమన్నాను, నాలుగు పంక్తులున్నది.