చావు ప్రకటనలో అమ్మ పేరు

తెలుగు పత్రిక జిల్లా పేజీ అడుగున పెట్టెకట్టిన ఫొటోలుంటాయి. శ్రద్ధాంజలి, అశ్రునివాళి, పెద్దకర్మ ఆహ్వానం. కథనీ కవితనీ చీల్చి చెండాడే విమర్శకులు వీటి జోలికి పోరు. మేం పోతున్నాం. ఒక సమాజం ఎవర్ని తనవాళ్లనుకుంటుందో సంపాదకీయం దాచినా ఈ పెట్టెలు దాచవు.

2004లో మా అమ్మ పోయింది. అన్నదమ్ములం ఒక తెలుగు పత్రికకీ ఒక ఉర్దూ పత్రికకీ ప్రకటన ఇవ్వబోయాం. తెలుగు కౌంటర్లో నమూనాల ఫైలు ముందుకు తోశారు. స్వర్గస్థులైనారు, పరమపదించారు, శివైక్యం చెందారు. 'దివంగత' అన్నా అందులో ఉన్నది స్వర్గమే. 'మరణించారు' చాలన్నాం. "మొరటుగా ఉంటుంది సార్" అన్నాడు కుర్రాడు. అతనిలో ద్వేషం లేదు. అతని ఫైల్లో మా చావుకి కాగితం లేదు, అంతే. మూడోనాటి జియారత్ అని రాసిస్తే 'మూడోరోజు కర్మ' అని అచ్చయింది.

మాటదేముంది అంటారు సెక్యులర్ మిత్రులు. మర్హూమ్ అంటే అల్లా రహమ్ పొందినవాడు. ఇంతెఖాల్ అంటే ఒక చోటినుంచి ఇంకో చోటికి మారడం. ఆ కౌంటర్లో మాకిచ్చిన 'రసీదు', ఆ పేజీ నెత్తినున్న 'జిల్లా' ఉర్దూలోంచి వచ్చినవే. దస్తావేజూ వకీలూ తీసుకున్న తెలుగు మా చావుమాట ఒక్కటి తీసుకోలేకపోయిందా? ఉర్దూ అక్షరం రాని దూదేకుల ఇంట్లో చావొస్తే వాళ్లకున్నది ఈ తెలుగు పెట్టె ఒక్కటే.

ఉర్దూ ప్రకటన తీరు వేరు. ఫొటో సాధారణంగా ఉండదు. ఏ మసీదులో, ఏ నమాజు తర్వాత జనాజా నమాజు, ఏ ఖబరస్తాన్‌లో దఫన్ - అది ఏడుపు కాదు, కబురు. మయ్యత్‌ని ఎక్కువసేపు ఉంచం కనుక పేపరొచ్చేసరికి చాలాసార్లు మట్టి అయిపోయే ఉంటుంది. మిగిలేది జియారత్ ఫాతెహా. (అది బిద్‌అత్ అనే మౌల్వీల తగాదా ఇక్కడొద్దు.)

ఇంతవరకూ గర్వంగానే రాశాం. కానీ ఆ ఉర్దూ ప్రకటనలో మా అమ్మ ఫలానా సాబ్ అహ్లియా, ఫలానా ఫలానా వాళ్ల వాలిదా. మగపేర్లు నాలుగున్నాయి. ఆమె పేరు లేదు. పరదా అన్నారు పెద్దలు. ఖదీజా, ఆయిషా, ఫాతిమా పేర్లు లోకమంతా పలుకుతుంటే చెడని పరదా మా అమ్మ పేరుతో చెడుతుందా? పెద్దల మీదకి తోసెయ్యడం కూడా తప్పే. ఆ కాగితం రాసింది మేం. పత్రికల్లో పనిచేస్తూ ఇతరుల పేర్లలో దీర్ఘాలు దిద్దే మేం. తెల్లారి పేపరు చూసి అక్క ఒకటే అడిగింది: "అమ్మీ కా నామ్ కాఁ హై రే?"

తెలుగు పత్రిక అమ్మ పేరూ ఫొటో వేసి మాది కాని కర్మ చేసింది. ఉర్దూ పత్రిక మా దువా అంతా చేసి అమ్మని వదిలేసింది.

నలభయ్యో రోజు చెహ్లుమ్‌కి మళ్లీ రాశాం, ఈసారి అక్కని కూచోబెట్టుకుని. మొదటి మాట అమ్మ పేరు, పక్కన మర్హూమా. తెలుగు కుర్రాడు 'మర్హూమా'కి వత్తెక్కడో అడిగి, దిద్దకుండా వేశాడు. ఉర్దూ పత్రికలో అమ్మ పేరు వేయించడానికే ఎక్కువసేపు పట్టింది.