గరిటె పట్టిన భీముడు

అనంతపురం పల్లెల్లో వాన ముఖం చాటేస్తే విరాటపర్వం పెట్టించేవాళ్లు. ఒకచోట చదివిస్తే, ఇంకోచోట తోలుబొమ్మలతో ఆడించేవాళ్లు. ధర్మరాజు ఉన్నచోట వేళకు వానలు కురుస్తాయని భీష్ముడు చెప్పింది ఆ పర్వంలోనే కదా!

నాకు ఆ కథ మీద మోజు ఇంకో కారణానికి. మనకు బాగా తెలిసిన మనుషులు అందులో వేరే బతుకు బతుకుతారు. అర్జునుడు బృహన్నలై ఆట నేర్పుతాడు. ద్రౌపది సైరంధ్రై రాణికి జడలు అల్లుతుంది. భీముడు వలలుడై వంట చేస్తాడు. 1988లో దూరదర్శన్‌లో మొదలైన మహాభారతంలో భీముడు ప్రవీణ్ కుమార్, ఆసియా క్రీడల్లో డిస్కస్ స్వర్ణాలు గెలిచిన మనిషి. అంతటి వాడి చేతికి గరిటె ఇస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవడంలోనే సగం సంబరం.

టీవీలో చూసిన పాత్రలను ఇలా మరో లోకంలో పెట్టి కథలల్లడం నాకూ అలవాటే. ఊరు, వేషం, వృత్తి అన్నీ మార్చొచ్చు. స్వభావం జోలికి మాత్రం పోకూడదు. 1967లో వచ్చిన స్టార్ ట్రెక్ టీవీ సీరియల్ కథ ఒకదాంట్లో గడ్డం పెంచిన స్పాక్ క్రూరుల లోకంలో ఉంటాడు. అక్కడా అతను తర్కానికే తల వంచుతాడు. ఇతను మన స్పాకే అని ప్రేక్షకుడు పట్టుకునేది అక్కడే.

తోలుబొమ్మలాటలో కీచకవధ ఘట్టం చూడండి. చీకటి నర్తనశాల, ద్రౌపది కోసం తడుముకుంటూ వచ్చే కీచకుడు, అక్కడ పొంచి ఉన్న వంటవాడు. రెండు బొమ్మలు తెరకు అతుక్కుని కలబడతాయి. తెర వెనక ఆటగాళ్లు కాళ్ల కింది చెక్కలను దడదడలాడిస్తారు. గరిటె తిప్పిన చెయ్యి గద తిప్పిన చెయ్యేనని ఆ చప్పుడులో తెలుస్తుంది. నన్నడిగితే, భీముడు యుద్ధంలో కన్నా ఇక్కడే ఎక్కువ భీముడు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ విద్య ఇంకా బతికే ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడక్కడ తోలు మీద దీపాల షేడ్లు కూడా చేస్తున్నారు, ఇళ్లు గడవాలి మరి. అవి అందంగానే ఉంటాయి. కానీ షేడ్ మీది భీముడికి మాట లేదు, వలలుడయ్యే వీలూ లేదు. వానాకాలంలో ఒక్క రాత్రయినా విరాటపర్వం మొత్తం ఆడించే ఊరు ఉంటే చెప్పండి, చాప తెచ్చుకుని ముందే వచ్చి కూర్చుంటాను.