నత్తి: ముందుగా ఎవరు చెప్పాలి? – రెండు చిత్రాల పరిశీలన

మన కథల్లోనూ చలనచిత్రాల్లోనూ నత్తి చాలాకాలం హాస్యపాత్రల సొత్తుగా ఉండిపోయింది. పాత్ర నోరు తెరవగానే ప్రేక్షకుడు నవ్వాలి. అంతటితో ఆ పాత్ర పని తీరిపోతుంది. ఈ అలవాటునుంచి పక్కకు జరిగి, నత్తిని కథానాయకునికే ఇచ్చిన రెండు చిత్రాలను ఇక్కడ పరిశీలిద్దాం. ఒకటి 2010 నాటి ఆంగ్ల చిత్రం ‘ది కింగ్స్ స్పీచ్’. రెండవది 2017లో కె.ఎస్. రవీంద్ర (బాబీ) దర్శకత్వంలో వచ్చిన ‘జై లవ కుశ’. రెండింటినీ ఒకే ప్రశ్నతో చూడవచ్చు: ఇతనికి నత్తి ఉన్నదన్న మాటను ముందుగా ఎవరు అంటున్నారు?

‘జై లవ కుశ’లో ముగ్గురు కవలలు మేనమామ నాటక సమాజంలో పెరుగుతారు. లవకుశులకు వేషాలు దొరుకుతాయి; జైకి నత్తి కారణంగా వేషానికి బదులు అవమానం దొరుకుతుంది. రంగస్థలం మీద గుక్కతిప్పుకోకుండా సంభాషణ చెప్పడాన్నే నటనకు కొలతగా భావించే సంప్రదాయం మనది. అందువల్ల ఈ పిల్లవాడి బాధకు కథలో గట్టి పునాది ఉంది. మూడు పాత్రలనూ పోషించిన జూనియర్ ఎన్.టి.ఆర్. జై మాటను వెక్కిరింపుగా కాక, గొంతులో ఆగిపోయిన శక్తిగా చూపించారు. ఇది మెచ్చుకోదగినది.

అయితే పెద్దవాడైన జై చుట్టూ ఏం జరుగుతుందో చూడండి. చిన్ననాడు నవ్వినవాళ్లున్న చోట ఇప్పుడు భయపడేవాళ్లున్నారు. అతని నత్తి అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. అతడూ ఎత్తడు. తనకు కావలసినవి సాధించుకోవడానికి, మాట తడబడని తమ్ముళ్లను తన స్థానంలో నిలబెడతాడు. నత్తిని దాచడానికి ఇంతకన్నా పెద్ద ఏర్పాటు ఉండదు: తన నోటికి బదులు మరొకరి నోరు. నవ్వు, పగ, మారుమనిషి – ఈ మూడింటికీ అవతల ఇంకొక దారి ఉందని చిత్రానికి తోచలేదు.

‘ది కింగ్స్ స్పీచ్’ రచయిత డేవిడ్ సీడ్లర్ బాల్యంలో నత్తి అనుభవించినవారు. ఆరవ జార్జి భార్య, రాజమాత ఎలిజబెత్, తాను బతికి ఉండగా ఈ కథ వద్దని కోరినందువల్ల ఆయన ఆగారు. రాజు 1952లో పోయారు; రాజమాత 2002లో పోయారు. రాజు పోయిన యాభై ఏళ్ల వరకూ ఆ నత్తి గురించి కథ చెప్పడానికి వీలు చిక్కలేదన్నమాట! ఆ రచనకు 2011లో ఆస్కార్ బహుమతి లభించింది.

చరిత్రలో ఆయన 1925లో వెంబ్లీ సభలో ప్రసంగించడానికి ఇబ్బంది పడ్డారు. 1926లోనే లయొనెల్ లోగ్ వద్దకు వెళ్లారు. చిత్రం ఆ చికిత్సను 1930లలోకి జరిపి, 1939 సెప్టెంబరు 3 నాటి యుద్ధ ప్రసంగంతో ముడిపెట్టింది. కథకు బిగువు వచ్చింది కాని, ఏళ్ల తరబడి నత్తితోనే బతికి పనిచేసిన మనిషి మరుగునపడి, ఒక్క రోజు విజయం మిగిలింది. నత్తికి మూలం బాల్యంలోని కఠినత్వమేనన్న సూచన కూడా నేటి అవగాహనకు నిలవదు. వంశపారంపర్యం, మెదడు పనితీరు ఇందులో ముఖ్యమని పరిశోధనలు చెబుతున్నాయి.

అయినా ఈ చిత్రంలో రెండు చిన్న ఘట్టాలు మన ప్రశ్నకు దగ్గరగా వస్తాయి. ప్రసంగానికి ముందు చర్చిల్, తనకూ ఒకప్పుడు మాటలో లోపం ఉండేదని రాజుకు చెబుతాడు. ప్రసంగం తరువాత, ఒక అక్షరం దగ్గర ఇంకా తట్టుకున్నారని లోగ్ అంటే, మాట్లాడింది నేనేనని జనానికి తెలియవద్దా అన్న అర్థంలో రాజు బదులిస్తాడు. నత్తి దోషం కాదు, చేవ్రాలు అన్న స్పృహ అక్కడ ఒక్క క్షణం మెరుస్తుంది.

నత్తిని నీటిలోని మంచుకొండతో పోల్చారు అమెరికన్ మనస్తత్వవేత్త జోసెఫ్ షీహన్. ఆయనకూ నత్తి ఉండేది. పైకి వినిపించే తడబాటు కొంతే. అడుగున ఉన్న భయం, సిగ్గు, తప్పించుకునే ఎత్తులు చాలా ఎక్కువ. మన బోటి ద్విభాషా సమాజాల్లో ఈ ఎత్తులకు మరింత వీలుంది. బెంగళూరు తెలుగు పిల్లవాడికి ‘పెళ్లి’ అన్న మాట పెదవుల మీద ఆగిపోతే ‘మదువె’ అనేస్తాడు. విన్న పెద్దలు వీడికి తెలుగు పోయిందంటారు. పోయింది తెలుగు కాదు. పేరును మాత్రం ఏ భాషలోకీ మార్చుకోలేడు. అందుకే చాలామంది తమ పేరు దగ్గరే ఎక్కువ తట్టుకుంటారు.

ఇంత రాశాక ఒక సంగతి దాచడం న్యాయం కాదు. ఈ వ్యాసకర్తకు నత్తి ఉంది. పరిశోధక విద్యార్థిగా ఒక మౌఖిక పరీక్షలో ‘ప్రత్యయం’ అనవలసిన చోట ఆ ‘ప్ర’ రాక, ‘విభక్తి’ అన్నాను. తప్పని తెలిసే అన్నాను. నత్తివాడిగా కనబడటంకన్నా తెలియనివాడిగా కనబడటమే నయమనిపించింది. పరీక్షకులు నా అజ్ఞానాన్ని సవరించారు. నేను తల ఊపాను. ఆ తరువాత ఎన్నో ఏళ్లకు గాని, కొత్త తరగతి మొదటి రోజున, “నాకు నత్తి ఉంది. మాట ఆగితే కాస్త ఓపిక పట్టండి, మీరు అందించవద్దు” అని చెప్పడం చేతకాలేదు. చెప్పినందువల్ల నత్తి పోలేదు. ‘ప్రత్యయం’ మాత్రం ‘ప్రత్యయం’గానే వస్తున్నది, ఆలస్యంగానైనా.

ఊళ్లో పేరుకు ముందు ‘నత్తి’ చేర్చి పిలవడం మనకు కొత్త కాదు. ఆ మాట ఇతరులు అంటే ముద్ర. తానే అంటే సమాచారం. తేడా అంతా ఇక్కడే ఉంది. అయితే చెప్పుకోవడం అందరికీ ఒకే ధరకు దొరకదు. పెళ్లిచూపుల్లో కూర్చున్న అమ్మాయికీ, ఉద్యోగం కోసం నిలబడ్డ కుర్రవాడికీ దాని ఖరీదు ఆచార్యునికంటే ఎక్కువ. కాబట్టి చెప్పి తీరాలని ఎవరినీ నిర్బంధించలేం. చెప్పినప్పుడు వినేవారు మాట అందించకుండా, ‘నిదానంగా చెప్పు’ అనకుండా, చూపు తిప్పుకోకుండా ఉండటం మాత్రం మన చేతిలో ఉంది.

జైకి వేషం ఇచ్చి, అతని సంభాషణ పూర్తయ్యేదాకా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టే తెలుగు కథ ఇంకా రావలసి ఉంది. దాన్ని మన విద్యార్థుల్లోనే ఒకరు రాయవచ్చు.