వెల్లుల్లి వేసే ముందు

వానలు కుదురుకోగానే చంద్రపూర్ బజారులోకి అడవి పుట్టగొడుగులు దిగుతాయి. వాటి వెంటే ఏటా ఒక సలహా: ఎండబెట్టి దాచుకోండి, రుచి రెట్టింపవుతుంది. ఈ వారం అది మళ్లీ చెవిన పడింది. దానికి ఆధారం లేకపోలేదు. జపానువాళ్ల షిటాకే పచ్చిగా ఉన్నప్పటికన్నా ఎండి నానాకే ఘుమఘుమలాడుతుంది. ఆ వాసన లెంథియోనిన్‌దని అక్కడి శాస్త్రజ్ఞులు 1966లో తేల్చారు. రెండు కార్బన్, ఐదు గంధకం పరమాణువులు అల్లుకున్న వలయం అది. పుట్టగొడుగులో ముందే ఉండదు. వాసన లేని లెంటినిక్ ఆమ్లాన్ని ఎంజైములు విడగొట్టాకే పుడుతుంది. వెల్లుల్లీ అంతే, రెబ్బను దంచితేనే అల్లిసిన్ తయారవుతుంది. ఆవపిండికి తడి తగిలితేనే ఘాటెక్కుతుంది. అందుకే వెల్లుల్లిని దంచి పది నిమిషాలు ఆగాకే పొయ్యి మీద వేయమని ఈ శీర్షికలో విసుగు లేకుండా రాస్తుంటాను.

అయితే షిటాకే న్యాయం అన్ని పుట్టగొడుగులకూ చెల్లదు. చాలావాటికి ఆ పరిచితమైన వాసన ఇచ్చే ఆక్టెనాల్‌లో గంధకమే లేదు. కోసినప్పుడు కొవ్వు ఆమ్లం నుంచి పుడుతుంది, ఎండలో చాలావరకు ఎగిరిపోతుంది. ఎండబెడితే నిల్వ ఉంటాయి, నిజమే. తాజా పరిమళం మాత్రం మిగలదు. ఆ లోటు వెల్లుల్లి పూడుస్తుంది కదా అంటారు. పూడ్చదు, కప్పేస్తుంది. గంధకపు వాసనల్ని ముక్కు అతి స్వల్ప మోతాదులోనే పట్టేస్తుంది. గంధకం కలిపిన మందుతో కలప ఉడికించే కాగితపు మిల్లు దగ్గర గాలిని బరువెక్కించే డైమిథైల్ సల్ఫైడే, రవ్వంత ఉంటే ఖరీదైన ట్రఫుల్‌కు పరిమళం. అంత బలమైన గంధకపు వాసన ఉన్న వెల్లుల్లిని దంచి పోస్తే ఆక్టెనాల్ నిలవదు. వెల్లుల్లి లేకపోతే కూర చప్పగా ఉంటుందనేవాళ్ల మాటా కొట్టిపారేయలేను. వాళ్లు రెబ్బల్ని చితక్కొట్టకుండా వేడి నూనెలో వేయాలి. ఎంజైము వేడికి చచ్చిపోతుంది, తీపి కమ్మదనం మిగులుతుంది. అంటే నేను ఇన్నాళ్లుగా చెబుతున్న దంచి ఆగే పద్ధతి ఈ ఒక్క కూరకు పనికిరాదు.

వెల్లుల్లికి అంటగట్టిన ఇంకో పని మాత్రం ప్రాణాంతకం. పుట్టగొడుగులతో ఉడికించిన వెల్లుల్లి గానీ వెండి గానీ నల్లబడకపోతే విషం లేనట్టే అంటారు. వెండిని నల్లబరిచేది గంధకం, దానికి ఉడికిన కోడిగుడ్డు చాలు. మనుషుల్ని చంపే అమానిటా పుట్టగొడుగుల విషం వెండి రంగు మార్చదు, ఎంత ఉడికించినా పోదు. కాబట్టి ఏ జాతో తెలిసినవాళ్లు గుర్తుపట్టనిదాన్ని కొనవద్దు, వండవద్దు.