ఈసారి పారేయమంటున్నాను

ఆదివారం పొద్దున్నే మా బావమరిది తన పాత 150 సీసీ బండి మీద దిగాడు. బండి వీధి మలుపులో ఉండగానే గరగర వినబడింది.

"టైమింగ్ చైన్ సౌండ్ బావా. ఇంజిన్ విప్పాలన్నారు షెడ్డులో. టెన్షనర్ ఒక్కటీ మనమే మార్చేద్దామా?"

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా జవాబు తెలుసు. పారేసి కొత్తది కొనే అలవాటు మీద మిక్సీ బుష్షుల నుంచి గొడుగు ఊచల దాకా నేను చేసిన యుద్ధాలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. వెంటనే స్పానర్లు తీశాను.

చూడ్డానికి చిన్న పనే. సిలిండర్ వెనకాల రెండు బోల్టులతో బిగించిన బొటనవేలంత సరుకు. లోపల చుట్ట స్ప్రింగు, మర. చైన్ వదులయ్యే కొద్దీ కడ్డీ ముందుకొచ్చి గైడుని అదుముతుంది; దానంతటది వెనక్కి పోదు. కిటుకంతా వరసలో ఉంది. మ్యాగ్నెటో మీది 'టి' గుర్తుని గీతకి కలిపి, పిస్టన్‌ని కంప్రెషన్‌లో పైకి తెచ్చాకే బోల్టులు వదలాలి. అప్పుడు వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, క్యామ్ మీద వాటి ఒత్తిడి ఉండదు. అలా కాకపోతే టెన్షనర్ ఊడగానే క్యామ్ గభాల్న కదిలి చైన్ పన్ను దాటొచ్చు. బిగించాక సెల్ఫ్ కొట్టేముందు క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పాలి. అది రెండు తిరిగితేనే క్యామ్ ఒకటి తిరుగుతుంది. గుర్తులు మళ్లీ కలిశాయా, సరే.

ఈ చప్పుళ్లు వినడం నాకు నేర్పింది విజయవాడ ఆటోనగర్ మేస్త్రి ఒకాయన. కాలేజీ ఎగ్గొట్టి ఆయన షెడ్డులో కూర్చునేవాణ్ని. రాజ్‌దూత్, యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ బళ్లకి వాల్వులే లేవు, టైమింగ్ చైనెక్కడిది? 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక ఫోర్ స్ట్రోక్ బళ్లు ఊరంతా తిరగడం మొదలైంది, మేస్త్రుల చెవులకి కొత్త పని పడింది. ఈయన పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు. "టాపెట్ అయితే పైన టిక్కుటిక్కుమంటది. ఇది పక్కన గీరుద్ది. రేజ్ చేసి వదిలేటప్పుడు విను" అనేవాడు. ఆ తర్వాత పాత స్ప్రింగుని కాస్త సాగదీసి, వెనకొక వాషరు వేసేవాడు. గరగర మాయం! బండాయన సంబరంగా వెళ్లాక మాత్రం, "సౌండు ఆగింది, అరుగుడు ఆగలేదు" అని గొణుక్కునేవాడు. నేనిన్నాళ్లూ మురిసిపోతూ రాసింది ఆ వాషరు గురించే.

మా వాడి పాత టెన్షనర్ బయటికొచ్చింది. కడ్డీ దాదాపు చివరిదాకా చాచుకుని ఉంది.

"స్ప్రింగు సాగదీసి వాషరేద్దామా బావా? నువ్వే రాశావుగా!"

వద్దన్నాను. ఆ కడ్డీ అంత దూరం వచ్చిందంటే చైన్ పొడుగైందని. ఉక్కు సాగి కాదు. లింకు లింకుకీ పిన్నులు అరిగి, ఆ వెంట్రుకవాసి ఖాళీలన్నీ కలిసి. ఆయిల్ మార్చకుండా ఈడ్చినకొద్దీ ఆ అరుగుదల ఎక్కువ. ఇంజిన్ విప్పకుండా ఆ సంగతి చెప్పేది ఈ కడ్డీ, ఆ గరగర. వాషరేస్తే రెండిటి నోరూ నొక్కేసినట్టే. ఆ పైన చైన్ చప్పుడు లేకుండానే అరిగి ఓ రోజు పన్ను దాటుతుంది. కొన్ని ఇంజిన్లలో వాల్వు వెళ్లి పిస్టన్‌కి తగులుతుంది.

కొత్తది బిగించాం. చప్పుడు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. చైన్, గైడు, స్ప్రాకెట్లు మార్చక తప్పదు. దానికి మ్యాగ్నెటో పుల్లర్ కావాలి. అదీ కొందామని మా వాడి ఉబలాటం. నేను షెడ్డుకే పంపాను. లేబర్ ఖర్చేమీ మిగల్లేదు. షెడ్డువాళ్లు చెప్పింది నిజమేనని కళ్లారా చూశాం, అంతే.

బాగుచేసుకోవడం మీద నా మొండిపట్టు అలాగే ఉంది. టెన్షనర్‌కి మాత్రం మినహాయింపు. పాతదాన్ని డబ్బాలో దాచకండి, పారేయండి. చేతికందేలా ఉంటే ఎప్పుడో ఒకప్పుడు స్ప్రింగు సాగదీయబుద్ధవుతుంది.