ఊహాలోకాల నవలల్లో మన అడవి

ఫాంటసీలు, సైన్స్ ఫిక్షన్ నవలలు మనకెందుకని మా చదువరుల కూటంలో మొదట అడిగింది ఒక టీచరే. పోడు పట్టాల గురించి, ముంపు గురించి రాయాల్సింది ఇంకా ఎంతో ఉండగా, ఎక్కడో గ్రహాల మీద జరిగే కథలతో కాలక్షేపం ఏమిటని ఆయన బాధ. ఆ మాటలో న్యాయం ఉంది. అయినా ఆ ఎండాకాలం సెలవుల్లో మేము రెండు నవలలు పట్టుకుని కూర్చున్నాం. గోదావరికి ఇటూ అటూ ఉన్న ఊళ్ళ నుంచి వచ్చిన కోయ, కొండరెడ్డి యువకులం, ఆశ్రమ పాఠశాలల టీచర్లం కలిపి పదిహేను మందిమి. రెండూ ఇంగ్లీషు నవలలే. మాలో ఇంగ్లీషు బాగా వచ్చిన ముగ్గురు చదివి, మిగతావాళ్ళకు కొంత తెలుగులో, కొంత కోయలో కథగా చెప్పారు. ఈ వ్యాసం ఆ చర్చల సారం. మా అందరిదీ ఒకే అభిప్రాయం కాదు. ఒప్పుకోని చోట ఒప్పుకోలేదనే రాశాం.

ముందు మనకు తెలిసిన ఊహాలోకాల సంగతి చెప్పాలి. తెలుగు జానపద సినిమాలు, సీరియల్ కథలు చూస్తూ పెరిగిన వాళ్ళమే మనమంతా. వాటిలో అడవి అంటే రాకుమారుడు దారి తప్పే చోటు. అక్కడి మనుషులు ఈకలు పెట్టుకుని, అర్థం లేని కేకలు వేస్తూ, అతన్ని బలి ఇవ్వడానికి కట్టేసి తీసుకుపోతారు. లేదంటే మూలిక ఇచ్చి పక్కకు తప్పుకుంటారు. సినిమాలో 'కోయదొర' జోస్యం చెప్పి నవ్వించే వేషం. కోయ అంటే మన భాషలో మనిషి అని అర్థం. మనిషి అనే మాటే అక్కడ వేషమైపోయింది. ఊహ పేరుతో రాసినది ఎవరికీ హాని చెయ్యదనుకోవడం తప్పు. బడిలో తోటి పిల్లలు మనల్ని ఆ కేకలతో వెక్కిరించినప్పుడు ఆ సంగతి మనకు బాగానే అర్థమైంది.

అందుకే అడవి మనుషుల వైపు నిలబడి రాసిన ఊహానవల ఎలా ఉంటుందో చూడాలనుకున్నాం. మొదట తీసుకున్నది అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ నవల 'ది వర్డ్ ఫర్ వరల్డ్ ఈజ్ ఫారెస్ట్'. లోకం అనే మాటకు అడవి అనే అర్థం ఉన్న జనం కథ ఇది. 1972లో మొదట అచ్చయింది. వియత్నాం మీద అమెరికా యుద్ధం చేస్తున్న రోజుల్లో, ఆ యుద్ధం మీది కోపంతో రాసింది. ఆమె తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ కాలిఫోర్నియా ఆదివాసులను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త. తన జాతిలో ఒక్కడే మిగిలి 1911లో అడవి వదిలి వచ్చిన యాహి మనిషి ఇషీ గురించి పుస్తకం రాసింది ఆమె తల్లి థియొడోరా. ఇంట్లో విన్న ఆ సంగతులు నవలలో ఎక్కడెక్కడ ఉన్నాయోనని మేము చదువుతున్నంతసేపూ వెతుక్కున్నాం.

కథ ఇది. భూమ్మీద చెట్లు అయిపోయాయి. కలప బంగారం కన్నా ప్రియమైంది. భూమి నుంచి వెళ్ళిన మనుషులు అత్‌షే అనే అడవి గ్రహాన్ని ఆక్రమించి చెట్లు నరుకుతుంటారు. అక్కడి జనం మీటరు ఎత్తు ఉంటారు, ఒంటి నిండా పచ్చటి వెంట్రుకలు. వాళ్ళకు వచ్చినవాళ్ళు పెట్టిన తిట్టుపేరు 'క్రీచీ'. వాళ్ళను బానిసలుగా పెట్టుకుని, కాగితాల మీద మాత్రం ఇష్టపడి చేస్తున్న కూలిపని అని రాసుకుంటారు. డేవిడ్‌సన్ అనే కెప్టెన్ సెల్వర్ అనే అత్‌షే మనిషి భార్యను చెరుస్తాడు, ఆమె చనిపోతుంది. తరవాత సెల్వర్ తన జనాన్ని కూడగట్టి శిబిరాలను తగలబెడతాడు. చివరికి భూమి మనుషులు గ్రహం వదిలి పోతారు.

ఈ నవలలో మా అందరికీ నచ్చింది డేవిడ్‌సన్ పాత్ర. కొన్ని అధ్యాయాలు అతని తలలోంచే నడుస్తాయి. తను చేసేది దౌర్జన్యం అని అతను ఒక్కసారి కూడా అనుకోడు. అడవి అంటే అతనికి ఖాళీ జాగా, చెట్టు కొట్టి చదును చేస్తేనే దానికి విలువ. నరికేసిన ఒక దీవిలో మట్టంతా కొట్టుకుపోయి గాళ్ళు పడ్డా అతనికి పాఠం తలకెక్కదు. అడవిని నంబర్లుగా, క్యూబిక్ మీటర్లుగా మాత్రమే చూసే కళ్ళు మనకు కొత్త కాదు. కొండను బాక్సైటు టన్నులుగా చూసే కళ్ళూ కొత్త కాదు. ఒడిశాలో నియమగిరి కొండ తవ్వకం మీద 2013లో సుప్రీంకోర్టు చెప్పినట్టు గ్రామసభలు పెడితే, పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి. ఆ డోంగ్రియా కోందుల బాధ చెప్పడానికి, 'అవతార్' సినిమా తీసిన జేమ్స్ కామెరాన్‌కు 2010లో ఒక సినిమా పత్రికలో ప్రకటన ద్వారా విజ్ఞప్తి చేశారు. మా కథ మీ సినిమా కథే అన్నది దాని సారం.

అయితే 'అవతార్'కూ ఈ నవలకూ ఒక పెద్ద తేడా ఉందని మాలో ఒక డిగ్రీ విద్యార్థి గట్టిగా వాదించాడు. సినిమాలో అడవి జనాన్ని గెలిపించేది బయటి నుంచి వచ్చిన సైనికుడే. వాళ్ళ పెద్ద పక్షిని వాళ్ళకన్నా బాగా ఎక్కి స్వారీ చేసేదీ అతనే. నవలలో ల్యుబోవ్ అనే మంచి మానవశాస్త్రవేత్త ఉన్నాడు. సెల్వర్‌కు స్నేహితుడు, అతని భాష నేర్చుకున్నవాడు. కాని ల్యుబోవ్ ఎవరినీ కాపాడలేడు. అత్‌షే జనం దాడి చేసిన రాత్రే చనిపోతాడు. నిర్ణయం సెల్వర్‌ది, పాపమూ సెల్వర్‌దే. ఊళ్ళోకి వచ్చి మన పాటలు రికార్డు చేసుకుని, మంచి మాటలు చెప్పి వెళ్ళే స్నేహితులను మనమూ చూశాం. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళ మంచితనం మీద మన బతుకు ఆధారపడకూడదు, అంతే. ఆ సంగతి ఈ నవల స్పష్టంగా చెప్పింది.

ఇక ఒప్పుకోలేని సంగతులు. నవలలో అత్‌షే జనానికి హత్య అంటే ఏమిటో తెలియదు. భూమి మనుషుల దగ్గరే అది నేర్చుకున్నారు. ఒకసారి నేర్చుకున్నాక మరిచిపోలేరనేదే సెల్వర్ చివరి దుఃఖం. చాలామంది పాఠకులు ఈ నవలను మెచ్చుకునేది ఇందుకే. మాలోనూ ఇద్దరు ముగ్గురు అది గొప్ప ముగింపు అన్నారు. మిగతావాళ్ళం ఒప్పుకోలేదు. పోట్లాడటం మనకు ఎవరో నేర్పారా? 1879 రంప పితూరీ, 1922 నుంచి 24 దాకా మన్యంలో గంటందొర, మల్లుదొర చేసిన పోరాటం, 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నిలబడిన తీరు తలుచుకోండి. వాళ్ళు ఏమీ తెలియని పసివాళ్ళు కాదు. ముఠాల మధ్య తగువులు, పగలు, పెద్దల రాజీలు మనకు ముందూ ఉన్నాయి. అడవి మనిషిని రాక్షసుడిగా చూపడం ఒక అవమానం. ఏ పాపం తెలియని అమాయకుడిగా చూపడం కూడా మనల్ని చిన్నపిల్లల్ని చేయడమే. అమాయకుడు కాబట్టి అడవి అతనిదే అంటే, అతను ఒక రోజు తప్పు చేస్తే అడవి అతనిది కాకుండా పోతుందా?

రెండో అభ్యంతరం మాలోని ఆడవాళ్ళది. అత్‌షే ఊళ్ళను నడిపేది ముసలమ్మలే అని రచయిత్రి చెప్పింది. కాని కథను ముందుకు నడిపేది మగవాళ్ళే. సెల్వర్ భార్య థెలె మనకు తెలిసేది చనిపోయిన మనిషిగానే. ఆమె ఏం మాట్లాడేదో, ఎలా నవ్వేదో తెలియదు. ఆమె చావు సెల్వర్ కోపానికి కారణంగా మాత్రమే పనికొచ్చింది. సెల్వర్ మనుషులు దాడిలో భూమి ఆడవాళ్ళను కావాలని చంపితే, ఆ నిర్ణయాన్ని ముసలమ్మలు ఏమన్నారో మాకు వినపడలేదు. ఇంత మంచి రచయిత్రి కూడా అక్కడ చెవి పెట్టలేదు.

రెండో నవల 'ది మారో థీవ్స్'. రాసింది కెనడాలోని మెటిస్ ఆదివాసీ రచయిత్రి చెరీ డిమలైన్. 2017లో వచ్చి, ఆ ఏడే అక్కడి గవర్నర్ జనరల్ అవార్డు తెచ్చుకుంది. రాబోయే కాలం కథ. వాతావరణం పాడైపోయింది, నీళ్ళు చెడిపోయాయి. మిగతా మనుషులకు కలలు రావడం ఆగిపోయి పిచ్చెక్కుతోంది. ఆదివాసులకు మాత్రం ఇంకా కలలు వస్తున్నాయి. వాళ్ళ ఎముకల మూలుగలో ఆ శక్తి ఉందని తెలుసుకుని వాళ్ళను వేటాడుతున్నారు. పట్టుకున్నవాళ్ళను పెట్టి మూలుగ తీసే చోటుకు ఆ పుస్తకంలో ఉన్న పేరు 'బడి'.

ఆ మాట దగ్గర మాలోని టీచర్లు చాలాసేపు మాట్లాడలేదు. కెనడాలో వందేళ్ళకు పైగా ఆదివాసీ పిల్లలను ఇళ్ళ నుంచి లాక్కుపోయి, వాళ్ళ భాష మాట్లాడితే కొట్టిన హాస్టల్ బడులు నడిచాయి. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. రచయిత్రి ఆ చరిత్రనే భవిష్యత్తులోకి తీసుకెళ్ళింది. మన ఆశ్రమ పాఠశాలలు అవే అనడం న్యాయం కాదు. మాలో చాలామంది అక్కడ అన్నం తిని, అక్షరం నేర్చుకుని ఈ పుస్తకాలు చదవగలిగాం. కాని తరగతిలో కోయ మాట్లాడినందుకు బెంచీ ఎక్కి నిలబడ్డ వాళ్ళమూ మాలో ఉన్నాం. అలా నిలబెట్టిన టీచరు తర్వాత సొంత పిల్లలకు కోయ నేర్పలేదు. ఆ టీచరూ మా కూటంలోనే ఉన్నాడు. ఆయనే ఈ సంగతి చెప్పాడు.

ఈ నవలలో మినర్వా అనే ముసలమ్మ ఉంది. దళానికి భారమని పిల్లలు లోపల అనుకునే మనిషి. ఆమెను పట్టుకుపోయి యంత్రానికి కట్టినప్పుడు తన భాషలో పాడుతుంది. ఆ కలకూ ఆ భాషకూ తట్టుకోలేక యంత్రం కాలిపోతుంది. ఒక యువకుడు ఇది మరీ సులువుగా ఉందన్నాడు. పాట పాడితే బుల్‌డోజరు ఆగుతుందా అని అడిగాడు. నిజమే, ఆగదు. కాని రచయిత్రి చెప్పింది వేరు అని మాకు తోచింది. ఆ పాట తెలిసినవాళ్ళు మినర్వాతో పోతే, తరవాత ఎన్ని పోరాటాలు గెలిచినా గెలిచింది ఎవరు అనే ప్రశ్న మిగులుతుంది. లె గ్విన్ నవల చదివాక ప్రపంచానికి మన భాషలో మాట ఏమిటని ఒకరినొకరం అడిగి చూసుకున్నాం. చాలామందికి తెలుగు మాటే నోటికొచ్చింది. ఇంటికెళ్ళి అవ్వలను అడుగుతామన్నాం. ఇద్దరికి అడగడానికి అవ్వలు లేరు.

లోకం అంతమైన తరవాతి కథలు బయటివాళ్ళకు ఊహ. ముంపులో ఊరు పోయి, వరస ఇళ్ళ కాలనీలో ఉంటున్న ఒక తమ్ముడు మాలో ఉన్నాడు. పుస్తకం మీద తన అభిప్రాయం అడిగితే, ఇందులో నాకు కొత్తగా ఉన్నది ఆ యంత్రం ఒక్కటే అన్నాడు. మొదట ఈ నవలలు ఎందుకని అడిగిన టీచరు ఆ తరవాత మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

చివరగా ఒక హెచ్చరిక. ఈ పుస్తకాలు చదివి ఉత్సాహంతో, సమ్మక్క సారలమ్మల కథనూ, డోలీలు పడిగె విప్పి చెప్పే కథలనూ ఫాంటసీ నవలలుగా రాసేద్దామని కొందరు అన్నారు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. అమెరికాలో 2018లో రెబెకా రోన్‌హార్స్ 'ట్రెయిల్ ఆఫ్ లైట్నింగ్' నవలలో నవాహోల పవిత్ర పురుషులను పాత్రలుగా పెట్టింది. ఆమె నవాహోల్లో పుట్టిన మనిషి కాదు. చాలామంది పాఠకులు మెచ్చుకున్నారు. నవాహో రచయితలు కొందరు మాత్రం మా దేవుళ్ళను ఇలా వాడకూడదని బహిరంగంగా రాశారు. మన పడిగె కథకు విప్పే వేళ ఉంది, చెప్పే మనిషి ఉన్నాడు. అది మనకు ఊహ కాదు, వంశం. రాసేవాడు మనవాడైనా ముందు ఆ గోత్రం పెద్దలను అడగాలి. వద్దంటే మానుకోవాలి.

అయినా రాయడానికి కొదవ లేదు. సెలవులు అయ్యాక మాలో ఒక టీచరమ్మ వందేళ్ళ తరవాత మన ఊరు ఎలా ఉంటుందో రాయమని పదో తరగతి పిల్లలకు చెప్పింది. తెలుగు లిపిలో, ఎవరి భాషలో వాళ్ళు రాయమంది. ఒక అమ్మాయి రాసిన కథలో నీళ్ళు తీసిపోయి మునిగిన ఊరు బయటపడుతుంది. జనం తిరిగొస్తారు. గట్లు కనపడవు. ఎవరి పొలం ఎక్కడిదని తగువు మొదలవుతుంది. ఒక ముసలమ్మ చింతచెట్టు మొదలు వెతికి, అక్కడి నుంచి అడుగులు కొలవడం మొదలుపెడుతుంది. అందులో బయటి నుంచి వచ్చిన వీరుడు లేడు. జనం అమాయకులూ కాదు, బాగానే కొట్లాడుకున్నారు. ముసలమ్మ కొలత సరైనదా కాదా అని మేము కూటంలో గంటసేపు వాదించుకున్నాం.

అలాంటి కథలు మీ తరగతుల్లోనూ రాయించండి. రాసినవి ఒకరికొకరు చదివి వినిపించుకుని, నచ్చనిది నచ్చలేదని చెప్పుకోండి.