గురుగుహ విభక్తి కృతులలో స్తుతి స్వరూపము

కష్టకాలమున భక్తుని నోట ఆర్తియో నిష్ఠూరమో వెలువడవలెనని తెలుగు రసికులు తలంచుట పరిపాటి. గోల్కొండ చెరసాలలో కంచెర్ల గోపన్న దైవమును నిలదీసెనన్న ప్రసిద్ధియే ఈ అభిరుచికి మూలము. కాని నిలదీయుటకైనను స్వామి ఎదుట నున్నాడను నమ్మకము కావలెను. ఆ నమ్మకమే సన్నగిల్లినవాడు ఏమి పలుకగలడు? తిరుత్తణి కృతులలో ఈ ప్రశ్నకు సమాధానము కలదు.

తిరుత్తణి 1960 మార్చి నెలాఖరు వరకు చిత్తూరు జిల్లాలోనిది. నేడు తమిళనాట తిరువళ్ళూరు జిల్లాలోనిది. కాశీవాసానంతరము ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) ఈ కొండపై సుబ్రహ్మణ్యుని సేవించి తొలి కృతిని రచించిరని సంప్రదాయము. 'శ్రీనాథాది' మొదలుకొని ఎనిమిది సంస్కృత కృతులు గురుగుహ నామమును ఎనిమిది విభక్తులలో నిలిపినవి. 1904లో ఎట్టయపురమునుండి సుబ్బరామ దీక్షితులు ప్రకటించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలోనే వెలువడుటచే దీక్షితుల రచనలు తెలుగువారికి చేరువైనవి.

ఈ విభక్తి క్రమమును వ్యాకరణ చమత్కారముగా మాత్రమే గణించుట చాలదు. ప్రథమా విభక్తితో కూడిన తొలి కృతి స్వామిని పిలువదు. ఆయన జయించుచున్నాడని చెప్పును. దీనరక్షణము కూడ అచట కవి వేడిన వరము కాదు, స్వామి గుణములలో నొకటి. మంగళాకాంక్ష యొకటి కలదు. స్వకీయమైన కోరిక మాత్రము లేదు. ద్వితీయలో కవి తన మనస్సునే భజింపుమని హెచ్చరించును. షష్ఠిలో తాను గురుగుహుని దాసుడనని చెప్పుకొనును. సంబోధనా విభక్తి ఎనిమిదవ కృతికి గాని రాదు. అనగా స్తుతి ముందు, సంబోధన వెనుక. దైవముతో ముఖాముఖి మాటాడలేనివాడు సైతము దైవమును గూర్చి ఒక సత్యము పలుకవచ్చునని ఈ క్రమము తెలుపుచున్నది.

సంగీతమును దీనికి అనుగుణమైనదే. 'శ్రీనాథాది' రాగము మాయామాళవగౌళ. సంగీతాభ్యాసమున బాలురకు మొదట నేర్పునది. పల్లవి ఆరంభము సరళీ స్వరములవలె మెట్టు మెట్టుగా ఎక్కి దిగును. మహావిద్వాంసుడు బాలశిక్ష వంటి వరుసతో స్తుతి నారంభించుటలోనే ఆ స్తుతి నిరాడంబరత్వము తెలియుచున్నది.

ఇదే జిల్లాలో, తిరువళ్ళూరున, వైద్య వీరరాఘవస్వామి సన్నిధి వేరొక మార్గము చూపును. అహోబిల మఠము ఆధిపత్యమున నున్న ఆ ఆలయమునకు అమావాస్యనాడు రోగార్తులు వచ్చి, హృత్తాపనాశని కోనేట బెల్లము కరగించి, వ్యాధి కూడ అట్లే కరగవలెనని మ్రొక్కుదురు. ఇది కోరికగల భక్తి. దీనిని తక్కువ చేయ నక్కరలేదు. దేహబాధకు మరుగు లేదు.

అయితే కోరిక ఫలింపనివాడు, కోరుటయే మానినవాడు ఎక్కడికి పోవలెను? బాధను పైకి చెప్పని స్తుతి కపటమని కొంద రాక్షేపింపవచ్చును. భక్తుడు తనకు లేని ఉత్సాహమును నటించినచో ఆ ఆక్షేపణ సరియే. తిరుత్తణి తొలి కృతిలో అట్టి నటన లేదు. అది తన మనఃస్థితిని వర్ణింపదు; స్వామి స్థితిని మాత్రమే ప్రకటించును. కావున శుష్క హృదయుడును దానిని అసత్యదోషము లేక పాడుకొనవచ్చును. గోపన్న నిష్ఠూరమునకు తెలుగువారు పట్టిన గౌరవపీఠము ప్రక్కన ఈ నిరాడంబర స్తుతికిని చోటు కల్పించుట న్యాయము.